కాలేయపు గుట్టు విప్పిన తెలుగు వైద్యుడు యల్లాప్రగడ సుబ్బారావు

సూళ్లూరుపేటలోనో, తడలోనో, ఆరంబాకంలోనో లోకల్ రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగే సరిహద్దు గ్రామాల వారికి రెండు దారులు బాగా తెలుసు. పెళ్లి జవళికీ, వెండి సామానుకూ, టోకు సరుకుకూ వచ్చినవారు మింట్ వీధి పట్టుకొని సౌకార్‌పేటకు వెళతారు. రోగిని వెంటబెట్టుకొని వచ్చినవారు స్టేషనుకు ఎదురుగా రోడ్డు దాటి పెద్దాసుపత్రికి వెళతారు. షావుకార్ల పేటగా పేరు పడిన ఆ బజారులో ఇప్పుడు గుజరాతీ, మార్వాడీ వ్యాపారుల సందడి ఎక్కువ. అయినా ఒకప్పుడు జార్జిటౌను వాణిజ్యంలో తెలుగు వర్తకుల మాటకు తిరుగు లేదు. కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకు తరలిపోయిన తరువాత కూడా ఆ వీధుల్లో తెలుగు పలకరింపులు పూర్తిగా ఆగిపోలేదు. ఈ పేటకు కాలినడక దూరంలో, పెద్దాసుపత్రికి అనుబంధంగా ఉన్నదే మద్రాసు వైద్య కళాశాల. 1835లో మొదలైన ఆ విద్యాలయంలో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చదువుకొన్న ఒక పేద తెలుగు విద్యార్థి తరువాతి రోజుల్లో మానవ కాలేయంలో దాగిన రహస్యాలను ఒక్కొక్కటిగా బయటికి తీశారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఉద్యోగం ముందే మానుకోవలసి రావడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారు. అక్కడి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆ కుర్రవాడి ఆలోచన. తల్లి ఊరుకోలేదు. వెనక్కు రప్పించి మళ్లీ బడికి పంపింది. కాశీ ప్రయాణం అంతటితో ముగిసింది గాని చదువు మాత్రం తిన్నగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. చదువులో వెనుకబడిన పిల్లవాడు ఇక పనికిరాడని తీర్మానించే తల్లిదండ్రులు ఈ సంగతి ఒకటికి రెండుసార్లు చదవడం మంచిది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్న్యసించాలని కోరుకొన్నారు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోమని మఠం వారు చెప్పారు. తల్లి అనుమతి ఇవ్వలేదు. వైద్యం నేర్చుకొంటే అదీ సేవే అవుతుందన్న హితవు విని ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఆ కాలంలో ఆంధ్ర ప్రాంతపు విద్యార్థులకు ఆధునిక వైద్య విద్య కావాలంటే మద్రాసు రావడం తప్ప గత్యంతరం లేదు. విశాఖపట్నంలో వైద్య కళాశాల 1923లో గాని ఏర్పడలేదు. మిత్రులు తలా ఒక చెయ్యి వేసి ఆయన చదువు సాగించారు. 1919లో ఆయనకు పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా ఆ భారం పంచుకొన్నారు. వధువు పేరు శేషగిరి.

ఇంతలో జాతీయోద్యమం వచ్చింది. విదేశీ వస్త్రాలను విడిచిపెట్టాలని గాంధీజీ ఇచ్చిన పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స గదిలోకి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్లారు. శస్త్రచికిత్స శాఖ ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షల్లో రాణించినప్పటికీ చివరకు చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. ఒక్క అంగీ ఖరీదు అంత పెద్దదైంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనిలో ఆయన కుదురుకొన్నారు.

ఆ కుటుంబాన్ని అంతకంటే పెద్ద దెబ్బ తీసింది సంగ్రహణి. పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అని పిలిచే ఈ జబ్బులో ప్రేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించే శక్తిని కోల్పోతాయి. విరేచనాలు ఆగవు. నాలుక పుండవుతుంది. రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో ఒకరి వెంట ఒకరుగా ఈ వ్యాధికే బలైపోయారు. సుబ్బారావు కూడా అదే జబ్బున పడ్డారు గాని లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారని చెబుతారు. వైద్యుడై ఉండి కూడా అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన ఆ బాధ ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. ఉష్ణమండల వ్యాధులను లోతుగా చదవాలంటే అమెరికా వెళ్లాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానన్నది. మామగారు మరికొంత డబ్బు సమకూర్చారు. 1920ల ఆరంభంలో, నిండు గర్భిణిగా ఉన్న భార్యను పుట్టింట ఉంచి, మూడేళ్లలో తిరిగివస్తానన్న మాటతో సుబ్బారావు ఓడ ఎక్కారు. ఆ మాట నెరవేరలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను ఒక్కసారైనా చూడలేదు.

బోస్టన్ నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో సీటు దొరికింది గాని తిండికి డబ్బు లేదు. ఇండియా పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీలులేదు. అందుచేత పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగి జీతం తీసుకొన్నారు. పగలు తరగతులు, రాత్రి ఆసుపత్రి. డిప్లొమా పూర్తయిన తరువాత హార్వర్డ్ జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద పరిశోధకులుగా చేరారు.

రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే సులువైన పద్ధతి ఒకటి 1925లో వారిద్దరి పేరుతో వెలువడింది. రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. ఆ రంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్ లెక్క తేలుతుంది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ఇది ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు నిలిచింది. ఆ పద్ధతిని కండరాల మీద ప్రయోగించినప్పుడు వారికి ఒక వింత ఎదురైంది. రంగు రావలసినంత వేగంగా రావడం లేదు. కొలతలో ఏదో పొరపాటని వదిలేయడం తేలిక. వారు వదిలేయలేదు. అంతకుముందు ఎవరూ గుర్తించని ఒక పదార్థం కండరంలో ఉండి, నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫరస్‌ను విడుదల చేస్తున్నదని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి లోకానికి తెలిసింది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం వల్ల వస్తుందన్న సిద్ధాంతానికి 1922లో నోబెల్ బహుమతి లభించి అప్పటికి అయిదేళ్లే అయింది. ఆ సిద్ధాంతం కదిలిపోయింది. 1929లో వారు ఏ.టి.పి. అనే అణువును కూడా కండరం నుండి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దానినే కనుగొన్నారు. గుండె కొట్టుకోవడానికీ, కాలు కదలడానికీ, కణంలో జరిగే సవాలక్ష పనులకూ చెల్లే శక్తి నాణెం ఇదేనని నేడు పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. ఈ నాణేన్ని గుర్తించిన వారిలో ఒక తెలుగువాడు ఉన్నాడన్న సంగతి మాత్రం చాలా పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. దృష్టి కండరం నుండి కాలేయం వైపు తిరిగింది. దీనికి కారణం బోస్టన్‌లోనే ఉంది. ప్రాణాంతకమైన ఒక రకం రక్తహీనత రోగులు రోజూ కాలేయం తింటే బ్రతుకుతున్నారని మైనాట్, మర్ఫీ అనే వైద్యులు 1926లో ప్రకటించారు. విపిల్‌తో కలిపి వారికి 1934లో నోబెల్ బహుమతి దక్కింది. కాలేయంలో ఉన్న ఆ ప్రాణదాత ఏమిటో ఎవరికీ తెలియదు. సుబ్బారావు కాలేయపు సారాన్ని తీసి, వడగట్టి, విడగొట్టి, ముక్క తరువాత ముక్కగా పరీక్షించసాగారు. ఈ వెతుకులాటలో నికోటినిక్ ఆమ్లం, పాంటోథెనిక్ ఆమ్లం వంటి బి విటమిన్లు ఆయన చేతికి తగిలాయి. వెతుకుతున్న వస్తువు మాత్రం ఇంకా దొరకలేదు.

ఇక్కడ కాలేయం గురించి నాలుగు మాటలు చెప్పుకోక తప్పదు. కాలేయం ఆహారాన్ని నిలువ చేసే కొట్టు మాత్రమే కాదు, పగలూ రాత్రీ నడిచే రసాయన కర్మాగారం. అందులోని పనివారు ఎంజైములు. వారిలో ఒక తెగ పని క్షయకరణం, అంటే ఒక అణువుకు హైడ్రోజన్‌ను జోడించడం. ఆ హైడ్రోజన్‌ను మోసుకొచ్చే కూలీ ఎన్.ఏ.డి.పి.హెచ్. అనే అణువు. సుబ్బారావు చేతికి కాలేయంలో తగిలిన నికోటినిక్ ఆమ్లమే ఆ కూలీ శరీరంలో ఒక భాగం. ఉదాహరణకు చక్కెరల సంగతి చూద్దాం. గ్లూకోజు నుండి కాలేయం గ్లూకురానిక్ ఆమ్లమనే చక్కెర ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పచ్చకామెర్లకు కారణమయ్యే పసుపు వర్ణకాన్నీ, మనం మింగే అనేక మందులనూ ఆ ఆమ్లంతో ముడివేసి, నీటిలో కరిగేలా చేసి బయటకు పంపుతుంది. విడిగా మిగిలిన గ్లూకురానిక్ ఆమ్లాన్ని మరొక ఎంజైము క్షయకరణం చేసి గులోనిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇంతవరకు మేకకూ, ఆవుకూ, ఎలుకకూ, మనిషికీ పద్ధతి ఒక్కటే. ఆ తరువాత దారులు వేరు. మేక కాలేయం ఆ గులోనిక్ ఆమ్లాన్ని రెండు అడుగుల్లో విటమిన్ సిగా మార్చుకొంటుంది. మనిషిలో ఆ చివరి అడుగు వేయవలసిన ఎంజైము లేదు. తరతరాల పరిణామంలో దాని జన్యువు చెడిపోయింది. అందుకే మేకకు ఉసిరికాయతో పని లేదు, మనకు ఉంది. మనలో ఆ గులోనిక్ ఆమ్లం వేరే దారిన సాగి మళ్లీ చక్కెరల జీవక్రియలో కలిసిపోతుంది.

సుబ్బారావు చేరబోయే గమ్యం కూడా ఇలాంటి క్షయకరణంతో ముడిపడినదే. అయితే ఆ సంగతి ఆయన జీవించి ఉండగా బయటపడలేదు.

హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. ఫిస్క్ పేరు మీదనే ఘనత అంతా జమ అయింది. పదోన్నతి ప్రస్తావన వచ్చినప్పుడు కూడా తన వాటాను తక్కువ చేసుకొని గురువు వాటాను ఎక్కువ చేసి చెప్పారని ఆయనను ఎరిగినవారు చెప్పుకొన్నారు. ఆ ప్రయోగశాలలోనే పనిచేసి, తరువాత 1988లో నోబెల్ పొందిన జార్జి హిచింగ్స్ కూడా సుబ్బారావు కృషిలో కొంత వెలుగు చూడనే లేదని అభిప్రాయపడ్డారు. వినయం మంచి గుణమే గాని అది ఆయన విషయంలో హద్దు దాటిందని అనక తప్పదు. 1940లో ఆయన హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. కొద్దికాలానికే పరిశోధనలన్నిటికీ ఆయనే నాయకులయ్యారు.

ఈ కథకు ఇండియాలోనే మరొక కొస ఉంది. లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు నుండి చేసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వారు కోలుకొంటున్నారని 1931లో ప్రకటించారు. ఈస్టులోనూ కాలేయంలోనూ ఉన్న ఆ గుణకారి ఏమిటన్నది చిక్కుముడిగా మిగిలింది. 1941లో అమెరికాలో కొందరు పాలకూర ఆకుల నుండి ఒక పదార్థాన్ని తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకు నుండి దొరికింది అతి స్వల్పం. లెడర్లీలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం కాలేయం నుండి దానిని శుద్ధరూపంలో వేరుచేసి, నిర్మాణం కనిపెట్టి, 1945లో కృత్రిమంగా తయారుచేయగలిగింది. అప్పటి నుండి ఆ విటమిన్ మాత్రల రూపంలో చవకగా దొరకసాగింది.

ఆ మాత్ర మొదట లొంగదీసిన జబ్బుల్లో ఒకటి స్ప్రూ. అన్ననూ తమ్ముడినీ ఎనిమిది రోజుల్లో మింగిన సంగ్రహణికి మందు వారి సోదరుని ప్రయోగశాల నుండే వచ్చింది. ఇద్దరి విషయంలో అది పాతికేళ్లు ఆలస్యమైంది.

అయితే ఆయన మొదట వెతికిన వస్తువు ఇది కాదు. మైనాట్ రోగుల ప్రాణాంతక రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం మెరుగుపడింది గాని నరాల క్షీణత ఆగలేదు, కొందరిలో ముదిరింది. కాలేయంలోని అసలు ప్రాణదాత వేరొకటి, విటమిన్ బి12. దానిని 1948లో అమెరికాలో మెర్క్ సంస్థ వారూ, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థ వారూ వేరుచేశారు. ఇది పుస్తకాలకు పరిమితమైన సంగతి కాదు. కాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలుడు ఉన్న పెద్దవారికి రక్తం పట్టడానికని ఫోలిక్ ఆమ్లం మాత్రలే సొంతంగా కొని మింగిస్తే రక్తపరీక్ష బాగున్నట్లు కనిపిస్తూనే లోపల నరాలు చెడిపోవచ్చు. అలాంటివారికి బి12 కూడా చూడవలసి ఉంటుంది.

ఫోలిక్ ఆమ్లం శరీరంలో చేరిన వెంటనే పనికిరాదు. కాలేయంలో ఒక ఎంజైము దానికి రెండు విడతలుగా హైడ్రోజన్ జోడించాలి. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఈ ఎంజైముకు కూడా హైడ్రోజన్ మోసుకొచ్చేది చక్కెర ఆమ్లాల దగ్గర కనిపించిన ఆ కూలీయే. అలా తయారైన రూపమే కొత్త కణాలకు డి.ఎన్.ఏ. అల్లడానికి కావలసిన ముడిసరుకును అందిస్తుంది. ఎర్ర రక్తకణాలూ, గర్భంలోని శిశువూ క్షణక్షణం కణాలను పెంచుకొంటూ ఉండేవి గనుక ఫోలిక్ ఆమ్లం లోపించినప్పుడు ముందు దెబ్బతినేవి అవే. మనిషి కాలేయంలో ఈ ఎంజైము చాలా నెమ్మదిగా, మనిషికీ మనిషికీ తేడాగా పనిచేస్తుందనీ, ఎలుక కాలేయంలో దాని వేగం ఎంతో ఎక్కువనీ 2009లో పరిశోధకులు చూపించారు. ఒకటికి నాలుగు మాత్రలు మింగితే నాలుగింతల మేలు జరగదనడానికి ఇదొక కారణం.

ఎంజైము సంగతి తెలియకుండానే సుబ్బారావు బృందం దానికి బేడీలు వేసింది. బోస్టన్‌లో పిల్లల రక్తకేన్సర్‌తో పోరాడుతున్న సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చినప్పుడు జబ్బు మరింత వేగంగా పెరుగుతున్నట్లు గమనించారు. అలాగైతే ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే పదార్థం ఇస్తే కేన్సర్ తగ్గాలి కదా అన్న ప్రశ్న పుట్టింది. లెడర్లీ రసాయనికులు ఫోలిక్ ఆమ్లంలో ఒక చిన్న భాగాన్ని మార్చి, చూపుకు అదే అనిపించే నకిలీలను తయారుచేసి పంపారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. కాలేయంలోనూ కేన్సర్ కణంలోనూ ఉండే ఆ క్షయకరణ ఎంజైము ఈ నకిలీని పట్టుకొని ఇక వదలలేకపోతుంది. అసలు ఫోలిక్ ఆమ్లానికి చోటుండదు, కణం పెరగలేదు. ఇలా జరుగుతున్నదని శాస్త్రజ్ఞులకు 1950ల చివరలో గాని అర్థం కాలేదు. ఫార్బర్ ఈ మందును పదహారుమంది పిల్లలకు ఇచ్చి, పదిమందిలో జబ్బు తాత్కాలికంగా వెనుకంజ వేసిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతకుముందు రక్తకేన్సర్ సోకిన పిల్లవాడికి వారాలు లెక్కపెట్టడం తప్ప వైద్యుడు చేయగలిగింది దాదాపు లేదు. ఆ పిల్లలు ఎక్కువ కాలం బ్రతకకపోయినా కేన్సర్‌కు మందుల వైద్యం ఉందన్న ఆశ అక్కడే మొలకెత్తింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ కేన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి దానిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. గర్భిణులు అసలు తాకరాదు. కాలేయానికి హాని చేయగల మందు గనుక కాలేయపు పరీక్షలు చేయించుకొంటూ ఉండాలి. మద్యం అలవాటున్న వారి విషయంలో వైద్యులు మరింత కఠినంగా ఉంటారు.

లెడర్లీలో ఆయన నాయకత్వాన సాగిన మరొక కృషి కోస్తా జిల్లాల వారికి ఇంకా దగ్గరిది. భీమవరం పరిసరాల్లో పుట్టి పెరిగినవారికి బోదకాలు కొత్త కాదు. దోమకాటుతో శరీరంలో చేరే ఫైలేరియా పురుగులను చంపడానికి అప్పటివరకు తగిన మందు లేదు. 1947లో లెడర్లీ పరిశోధకులు డైఇథైల్ కార్బమజైన్ అనే మందును వెలుగులోకి తెచ్చారు. హెట్రజాన్ అనే పేరుతో అది బజారుకు వచ్చింది. 2004 నుండి మన దేశంలో బోదవ్యాధి ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఏడాదికి ఒక్కసారి ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్రలు అవే. జబ్బు లేనివారికి మాత్రలెందుకని వాటిని పెరట్లో పారేసిన ఇళ్లూ లేకపోలేదు. వాపు కనిపించని వారి రక్తంలో కూడా పురుగు పిల్లలు ఉండవచ్చు గనుకనే అందరికీ ఇవ్వాలని పథకం వేశారు. నేలలోని సూక్ష్మజీవుల నుండి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది కూడా ఈ ప్రయోగశాలలోనే. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. 1948లో అది ప్రజల ముందుకు వచ్చింది.

పాతికేళ్లపాటు అమెరికాలో ఉన్నా సుబ్బారావు ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. మొదట భారతీయులకు ఆ హక్కే లేదు. 1946లో చట్టం మారి వీలు కలిగినప్పుడు కూడా ఆయన ఆ పని పూర్తిచేయలేదు. స్వదేశానికీ తిరిగి రాలేదు. వస్తానన్న మాట పట్టుకొని భార్య శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. పరిశోధనలో మునిగిపోయిన మనిషి అని చెప్పి ఈ సంగతిని తేలికగా దాటవేయడం న్యాయం కాదు. ఆయన ఘనతలో ఆమె చెల్లించిన మూల్యం ఉంది, ఆ మూల్యం ఆమెను అడిగి తీసుకొన్నది కాదు. పొరుగు రాష్ట్రాలకూ గల్ఫు దేశాలకూ మగవారిని పంపి ఏళ్ల తరబడి ఉత్తరాలకూ ఫోన్లకూ కాచుకొన్న సరిహద్దు పల్లెల ఇల్లాండ్రకు ఇది వేరే వివరించి చెప్పవలసినది కాదు.

1948 ఆగస్టు 8న, యాభై మూడేళ్ల వయసులో, పెర్ల్ రివర్‌లోని తన నివాసంలో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. ఫార్బర్ ప్రకటన వెలువడి అప్పటికి రెండు నెలలు. నోబెల్ ఆయనకు రాలేదు. ఆయన నడిచిన దారుల్లో తరువాత నడిచిన కొందరికి వచ్చింది.

ఫోలిక్ ఆమ్లం కథ ఆయనతో ఆగలేదు. గర్భధారణకు ముందు నుండీ ఫోలిక్ ఆమ్లం తీసుకొన్న తల్లుల బిడ్డల్లో వెన్నుపాము లోపాలు బాగా తగ్గుతాయని 1991లో బ్రిటన్ నాయకత్వాన జరిగిన పెద్ద పరిశోధన రుజువు చేసింది. పిండంలో వెన్నుపాము గొట్టం మూసుకొనేది గర్భం దాల్చిన నాలుగు వారాల లోపే. నెల తప్పిందని తెలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్లేసరికి ఆ గడువు చాలామందికి దాటిపోతుంది. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లకు ముందే మాత్ర మొదలుపెట్టమనడం ఇందుకే. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఎర్రని మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. గర్భకాలంలో 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు రోజుకొకటి చొప్పున వేసుకోవాలి. బడికి వెళ్లే కౌమార బాలికలకు ఇచ్చే నీలి మాత్రలో కూడా ఈ రెండే ఉంటాయి, అయితే అది వారానికి ఒకటి. మాత్ర వేసుకొంటే బిడ్డ నల్లగా పుడతాడనీ, పెద్దగా పెరిగి కాన్పు కష్టమవుతుందనీ కొన్ని పల్లెల్లో ఇప్పటికీ వినిపించే మాటలకు ఆధారం లేదు. మలం నల్లబడేది మాత్రం నిజం. అది ఇనుము రంగు, భయపడవలసినది కాదు.

శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం సుబ్బారావు పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. అంతకు చాలా ముందే, 1953లో, ఆయనతో పనిచేసిన సంస్థకు చెందిన శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు హెసెల్టైన్ కొత్తగా గుర్తించిన ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. శాస్త్ర నిఘంటువుల్లో ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.